కుడివైపు ట్రాఫిక్ ఉన్న దేశానికి వెళ్తున్నాం: డ్రైవింగ్‌కు, రోజువారీ జీవితానికి ఎలా అలవాటు పడాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా నేను, నా భార్య, బడికి వెళ్ళే వయసున్న ఇద్దరు పిల్లలు త్వరలో జర్మనీ వెళ్ళి, అక్కడ 11 నెలలు ఉండబోతున్నాం. ఆ తరువాత సంస్థ మమ్మల్ని అమెరికా పంపే అవకాశం ఉంది. కారు నడపడంలో నాకు చాలా ఏళ్ళ అనుభవం ఉన్నా, అదంతా ఎడమవైపు ట్రాఫిక్‌లో, స్టీరింగు కుడివైపు ఉన్న కార్లలో వచ్చినదే. కుడివైపు నడపడానికి ఎలా అలవాటు పడాలి? అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుంటే 11 నెలలూ సరిపోతుందా? అసలు అక్కడ కారు లేకుండా సంసారం నడుస్తుందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు 1

ముందు కాగితాల సంగతి తేల్చుకోండి. అంతర్జాతీయ పర్మిట్ విడిగా ఒక లైసెన్సు కాదు. మీ సొంత లైసెన్సులోని వివరాలకు పలు భాషల్లో ఇచ్చే అధికారిక అనువాదం మాత్రమే కాబట్టి, అసలు లైసెన్సు వెంట లేకపోతే దానికి విలువ లేదు. దాని మీద ఏడాది గడువు రాసి ఉన్నంత మాత్రాన ఏడాదంతా నడపవచ్చని కూడా అనుకోకండి. ఐరోపా సమాఖ్య వెలుపలి లైసెన్సు జర్మనీలో నివాసం ఏర్పరచుకున్న నాటి నుంచి 6 నెలల వరకే చెల్లుతుంది.

అయితే మీకు అనుకూలించే వెసులుబాటు ఒకటి ఉంది. మీ నివాసం 12 నెలలకు మించదని రుజువు చూపగలిగితే, అక్కడి లైసెన్సు కార్యాలయం ఆ గడువును మరో 6 నెలల వరకు పొడిగించవచ్చు. సంస్థ ఇచ్చిన నియామక పత్రం చేతిలో ఉంచుకుని, మొదటి గడువు ముగియకముందే దరఖాస్తు పెట్టండి. గడువు దాటాక నడిపితే లైసెన్సు లేకుండా నడిపినట్టే లెక్క, అక్కడ అది నేరం. ఒకవేళ మీ బస ఏడాది దాటితే, చాలా దేశాలవారికి రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ తప్పవు. రాత పరీక్షను ఇంగ్లీషులో రాయవచ్చు గాని, రోడ్డు మీద పరీక్షకుడు మాట్లాడేది జర్మన్‌లోనే.

జవాబు 2

కుడివైపు నడపడం గురించి అందరూ భయపడేది ఒకచోట, పొరపాటు జరిగేది మరొకచోట. ముందు నాలుగు వాహనాలు వెళ్తుంటే వాటి వెనుక ఎవరైనా సరిగానే వెళ్తారు. పార్కింగ్ స్థలం నుంచో పెట్రోలు బంకు నుంచో ఖాళీ రోడ్డు మీదకు వచ్చేటప్పుడు, అందులోనూ అలసటగా ఉన్నప్పుడు, పాత అలవాటు మనకు తెలియకుండానే ఎడమవైపుకు తిప్పిస్తుంది. డ్రైవరు కూర్చున్న వైపే రోడ్డు మధ్యగీత ఉండాలన్న ఒక్క మాట గుర్తుంచుకోండి. స్థానికంగా తీసుకున్న కారయితే దాదాపు ఏ దేశంలోనైనా అంతే.

పెడల్స్ వరుస మారదు గాని గేరు కుడిచేతికి వస్తుంది, ఇండికేటరు వేయబోతే వైపర్లు కదలడం మొదట్లో మామూలే. అందుకే మొదటి కొన్ని వారాలు ఆటోమేటిక్ కారు అద్దెకు తీసుకోవడం మేలు. ఇంతకాలం లేన్‌లో కుడి పక్కన కూర్చుని నడిపినవారు స్టీరింగు ఎడమకు మారగానే కారును తెలియకుండా కుడి అంచుకు జరుపుతారు, దానితో ఆగి ఉన్న కార్ల అద్దాలకు ముప్పు వస్తుంది. కుడి మలుపు దగ్గరగా తిరగాలి; ఎడమ మలుపులో ఎదురు వాహనాలకు దారి ఇచ్చి, వెడల్పుగా తిరగాలి.

నా దృష్టిలో వైపు కంటే ఎవరు ముందు వెళ్ళాలో చెప్పే ప్రాధాన్య నియమాలే కష్టం. జర్మనీలో ఏ బోర్డూ, సిగ్నలూ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే వాహనానికి దారి ఇవ్వాలి, అది ఎంత చిన్న వీధిలోంచి వచ్చినా సరే. తెల్లటి అంచుతో పసుపు వజ్రాకారపు బోర్డు కనిపిస్తే మీరు ప్రధాన రోడ్డు మీద ఉన్నట్టు. కుడికి తిరిగేటప్పుడు మీ పక్కగా తిన్నగా వెళ్ళే సైకిలుకే ముందు హక్కు కాబట్టి అద్దం చూస్తే చాలదు, తల తిప్పి భుజం మీదుగా చూడాలి. ఆటోబాన్ అనే అక్కడి వేగపు రహదారి మీద కుడివైపు నుంచి ఓవర్‌టేక్ చేయకూడదు. ట్రాఫిక్ స్తంభించే లక్షణం కనిపించగానే అన్నిటికంటే ఎడమ లేన్‌వారు ఎడమకు, మిగిలినవారు కుడికి జరిగి అంబులెన్సుకు మధ్యలో దారి విడిచిపెట్టాలి.

జవాబు 3

పై రెండు జవాబులతో నాకు పేచీ లేదు గాని, మీ మూడవ ప్రశ్నకే అసలు ప్రాముఖ్యం ఇవ్వాలి. నగరంలో ఉండేటట్లయితే 11 నెలల కోసం కారు కొనకండి. ఇల్లు వెతికేటప్పుడే బడి, స్టేషను, సరుకుల దుకాణం నడిచి వెళ్ళే దూరంలో ఉన్నాయో లేదో చూసుకుంటే రోజువారీ జీవితానికి కారు అక్కరలేదు. 2023 మే నుంచి అమలులో ఉన్న డాయిచ్‌లాండ్ టికెట్‌తో దేశమంతటా సిటీ బస్సులు, ట్రాములు, ప్రాంతీయ రైళ్ళు ఎక్కవచ్చు. దూరప్రయాణపు వేగపు రైళ్ళకు మాత్రం అది సాధారణంగా చెల్లదు. మీ భార్యగారికి డ్రైవింగ్ రాకపోతే ఈ ఏర్పాటు మరీ ముఖ్యం, లేకుంటే ప్రతి చిన్న పనికీ ఆమె మీ కోసం ఎదురుచూడవలసి వస్తుంది. సెలవు రోజున కారు అద్దెకు తీసుకున్నా, 12 ఏళ్ళ లోపు వయసుండి 150 సెంటీమీటర్ల ఎత్తు లేని పిల్లలకు తగిన సీటు తప్పనిసరి.

నడిచేవారి సంగతి ఎవరూ చెప్పలేదు. రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమకు చూడాలని పిల్లలకు వెళ్ళిన రోజు నుంచే అలవాటు చేయించండి. 1931 డిసెంబరులో న్యూయార్క్‌లో విన్‌స్టన్ చర్చిల్ అంతటివాడు అలవాటు కొద్దీ తప్పు వైపు చూసి, రోడ్డు దాటబోయి కారు కింద పడి తీవ్రంగా గాయపడ్డాడు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. గడువు పొడిగింపు సంగతి మాకు బొత్తిగా తెలియదు. అమెరికాకు వెళ్తే కుడివైపే కాబట్టి మళ్ళీ కొత్తగా నేర్చుకోవలసినది ఏమైనా ఉంటుందా?

జవాబు 1

ఉంటుందండీ. అక్కడ లైసెన్సు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే ఇస్తుంది. కాలిఫోర్నియాలో అయితే నివాసం ఏర్పరచుకున్న 10 రోజుల్లోనే తీసుకోవాలి. వేగం మైళ్ళలో ఉంటుంది. నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న కూడలిలో అందరూ పూర్తిగా ఆగాలి, ముందు వచ్చినవారు ముందు వెళ్ళాలి. ఎర్ర దీపం ఉన్నా పూర్తిగా ఆగి కుడికి తిరగడానికి చాలాచోట్ల అనుమతి ఉంది, న్యూయార్క్ నగరంలో మాత్రం బోర్డు ఉంటే తప్ప లేదు. జర్మనీలోనూ ఆకుపచ్చ బాణం ఉన్న చిన్న బోర్డు లేనిదే అలా తిరగకూడదు కనుక ఒకచోటి అలవాటు మరొకచోటికి మోసుకుపోకండి. స్కూలు బస్సు ఎర్ర దీపాలు మెరిపిస్తూ ఆగితే దాని వెనుకవారే కాదు, మధ్యలో డివైడరు లేని రోడ్డు మీద సాధారణంగా ఎదురు వచ్చేవారు కూడా ఆగాలి. ఇక బంకులో ఆకుపచ్చ పిడి అక్కడ చాలాచోట్ల డీజిల్‌ది, కాబట్టి రంగును నమ్మకుండా దాని మీది అక్షరాలు చదివి పట్టండి. పొరపాటున డీజిల్ పడితే ఇంజను అసలు స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను పిలిపించండి.