అక్టోబరు 2న పళ్ళు పంచితే అహింసా దినం జరిపినట్టేనా?

సిరిమల్లె:
గాంధీ జయంతిని అంతర్జాతీయ అహింసా దినంగా 2007లో ఐక్యరాజ్యసమితి ప్రకటించింది కదా, ఆ రోజు మా కాలనీవాళ్ళం చందాలేసుకుని ఒక ప్రభుత్వాసుపత్రిలో పళ్ళు, బ్రెడ్డు పంచుతుంటాం. పోయినేడు ఆడవాళ్ళ వార్డులో ఒకామె, దవడంతా వాచి ఉంది, పండు తీసుకుని మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఫొటో వద్దమ్మా, ఇక్కడున్నానని మా ఆయనకి తెలిస్తే వచ్చేస్తాడు" అంది. అప్పటికే మావాళ్ళు రెండు ఫొటోలు వాట్సాప్‌లో పెట్టేశారు. తీయించేశాను గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈసారి పంపిణీ మానేసి, ఆ డబ్బు దెబ్బలు తిని వచ్చేవాళ్ళ కోసం వాడదామంటున్నాను. మీరేమంటారు?

కృష్ణాతీరం:
ఫొటో తీయడం తప్పే. పంపిణీ ఎందుకు మానాలి? మా నాన్నని ఆసుపత్రిలో పెట్టుకుని పదకొండు రోజులు వరండాలో పడుకున్నాను. రోగికి భోజనం వస్తుంది, తోడున్న మనిషికి ఎవరు పెడతారు? ఎవరో తెచ్చిచ్చిన పులిహోర పొట్లం నాకింకా గుర్తు. గాంధీ గారు 1941లో రాసిన 'నిర్మాణ కార్యక్రమం' అనే చిన్న పుస్తకంలో ఖద్దరు, పారిశుద్ధ్యం, వయోజన విద్య అన్నీ ఉన్నాయి. సేవనీ అహింసనీ విడదీయకండి.

సిరిమల్లె:
అన్నా, అవన్నీ మనిషి తన కాళ్ళ మీద నిలబడే పనులే కదా, మనం ఇస్తే పుచ్చుకునేవి కావు. మా నెల్లూరు జిల్లాలో చదువు తరగతులకొచ్చిన ఆడవాళ్ళు, సారా తాగొచ్చి కొట్టే మొగుళ్ళ గురించి అక్కడే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. దూబగుంట రోశమ్మ గారి లాంటివాళ్ళు ఊళ్ళోకి సారా రానివ్వలేదు. అదే పెరిగి పెరిగి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధమైంది. వాళ్ళకి దొరికిందల్లా కూర్చుని మాట్లాడుకునే చోటు. ఆ దవడ వాచినామెకి మేం అది కూడా ఇవ్వలేదు.

రాత్రిడ్యూటీ:
నేను స్టాఫ్ నర్సుని. దెబ్బలతో వచ్చినామెని అడిగితే "మెట్ల మీంచి పడ్డాను" అంటుంది, ఎందుకంటే పక్కనే మొగుడో అత్తో ఉంటారు. ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181 నంబరు కాగితం గోడ మీద అంటిస్తే వాళ్ళ ముందు దాని వంక కూడా చూడదు. బాత్రూం తలుపుకి లోపలివైపు అంటించండి, అక్కడ ఒంటరిగా ఉంటుంది. హింసకి గురైన ఆడవాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన సఖి కేంద్రంలో అయిదు రోజుల వరకు ఉండనిస్తారు, వైద్యం, పోలీసు, లాయరు సాయం కూడా చూస్తారు. కానీ అక్కడిదాకా చేరాలి కదా. బస్సు ఫ్రీయే, రాత్రి పది దాటాక కట్టుబట్టలతో ఇద్దరు పిల్లల్ని వేసుకుని బస్టాండుకి ఎలా పోతుంది? ఆటో డబ్బులు, పిల్లలకో జత బట్టలు, ఇవి మేం జేబులోంచి పెట్టుకుంటున్నాం.

కృష్ణాతీరం:
పొట్లాలు మానడానికి నేనిప్పటికీ ఒప్పుకోను. గేటు బయట, ఫోన్లు తీయకుండా, తోడున్నవాళ్ళకి పెడదాం. ఆటో డబ్బులకి మాత్రం నా చందా రాసుకోండి, స్టిక్కర్ల ఖర్చూ నాదే. చదువురాని వాళ్ళకెలా అక్కా?

రాత్రిడ్యూటీ:
అంకెలు పెద్దవిగా వేయించు తమ్ముడూ, పక్కన ఫోను బొమ్మ. తడికి ఊడిపోకుండా ప్లాస్టిక్‌వి చేయించు.