థాయిలాండ్‌లో ఇంగ్లిష్ చెబుతూ పై చదువు: ముందు దేనికి డబ్బు కట్టాలి?

ప్రశ్న:
నమస్కారమండీ. మాది కరీంనగర్ దగ్గర పల్లె. బీఏ చదివాను, బీఈడీ లేదు. థాయిలాండ్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో చిన్న తరగతులకు ఇంగ్లిష్ చెబుతున్నాను, ఇది రెండో ఏడు. వచ్చేముందు ఆన్‌లైన్‌లో ఇంగ్లిష్ బోధనకు 120 గంటల సర్టిఫికెట్ ఒకటి తీసుకున్నాను. ఇక్కడ చేరడానికి అది సరిపోయింది. మొన్న మరో స్కూల్లో ఇంటర్వ్యూకు వెళితే, "ఆ కోర్సులో మీరు పాఠం చెబుతుండగా ఎవరైనా చూశారా?" అని అడిగారు. ఎవరూ చూడలేదని చెప్పాను. అప్పటినుంచి ఆ మాట మనసులోనే ఉంది. ఎంఏ చేయాలా, సెల్టా (ఇంగ్లిష్ బోధనకు కేంబ్రిడ్జ్ ఇచ్చే సర్టిఫికెట్) చేయాలా, బీఈడీ చేయాలా? నెలనెలా ఇంటికి డబ్బు పంపాలి కాబట్టి ఉద్యోగం మానలేను.

జవాబు:
అమ్మా, నేను పదకొండేళ్లుగా బ్యాంకాక్‌లో చెబుతున్నాను. వాళ్లు అడిగింది సరైన ప్రశ్న. ముందు సెల్టా చేయండి.

ఆ కోర్సు కూడా 120 గంటలే. తేడా అంతా అందులోని ఆరు గంటల్లో ఉంది. నిజమైన విద్యార్థుల ముందు మీరు ఆరు గంటలు పాఠం చెప్పాలి. శిక్షకులు వెనక కూర్చుని రాసుకుంటారు, తరువాత తోటి వాళ్ల ముందే మీ పాఠం గురించి మాట్లాడతారు. చివర్లో పరీక్ష లేదు, నాలుగు రాత పనులు ఉంటాయి. నా మొదటి పాఠంలో నలభై నిమిషాల్లో ముప్పై నేనే మాట్లాడానని శిక్షకురాలు లెక్కకట్టి చూపించింది. ఆ రోజు ఏడ్చాను. నాకు పాఠం చెప్పడం వచ్చింది మాత్రం ఆ రోజు నుంచే.

అది పెద్దవాళ్లకు బోధించడం కోసం పెట్టిన కోర్సు. చిన్న పిల్లల తరగతికి మీరే మలుచుకోవాలి.

పూర్తికాలం కోర్సు నాలుగైదు వారాలు పడుతుంది. ఇక్కడి స్కూళ్లకు మార్చి మధ్య నుంచి మే మధ్య దాకా సెలవులు కదా, అప్పుడు బ్యాంకాక్‌లో చేయవచ్చు. అయితే ఏప్రిల్‌లో వేసవి తరగతులకు ఉండాలని ప్రైవేటు స్కూళ్లు చాలా వరకు ఒప్పందంలోనే రాస్తాయి. ఫీజు కట్టేముందు ఆ పేజీ చదవండి.

మరో జవాబు:
అక్క చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. నేను హైదరాబాద్ నుంచి వచ్చి, ఇక్కడ ఉంటూనే ఇగ్నో దూరవిద్యలో ఎంఏ ఇంగ్లిష్ పూర్తిచేశాను. రెండేళ్ల కోర్సే, నాలుగేళ్ల దాకా గడువు ఉంటుంది. చదువు కష్టం కాలేదు, పరీక్షల సమయమే ఇబ్బంది పెట్టింది. అవి జూన్‌లో, డిసెంబరులో వస్తాయి. రెండూ ఇక్కడ స్కూలు నడిచే నెలలే. ప్రతిసారీ సెలవు అడగాలి, విమానం టికెట్ కొనాలి. పేపర్లన్నీ రెండు విడతల్లో రాయాలనుకోకుండా నాలుగేళ్లకూ పంచుకుంటే మీకు తేలిక.

పరీక్షకు ఇంటికి వెళ్లేటప్పుడు రీ-ఎంట్రీ పర్మిట్ తప్పక తీసుకోండి. ఒకసారికి 1,000 బాట్లు, ఎన్నిసార్లయినా వెళ్లి రావడానికి 3,800. అది లేకుండా దేశం దాటితే మీ వీసా గడువు అక్కడితో రద్దయినట్టే, మళ్లీ మొదటినుంచి తిరగాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి బీఈడీ సంగతి? టీచర్ లైసెన్సుకు అదే కావాలంటున్నారు.

జవాబు:
లైసెన్సు ఇచ్చే సంస్థ పేరు ఖురుసఫా. మన 'గురుసభ' అన్న మాటే అది, థాయి నోట అలా మారింది. లైసెన్సు లేనివారికి స్కూలు ద్వారా రెండేళ్ల తాత్కాలిక అనుమతి ఇస్తారు. ఎప్పటికీ దానిమీదే నెట్టుకురాలేం. పూర్తి లైసెన్సుకు విద్యాశాస్త్రంలో గుర్తింపు ఉన్న అర్హత చూపాలి. సెల్టా మంచి శిక్షణే గానీ ఆ స్థానంలో నిలబడదు.

మన బీఈడీ ఇప్పుడు రెండేళ్లు. స్కూళ్లలో నెలల తరబడి ఇంటర్న్‌షిప్ కూడా ఉంటుంది, ఇక్కడ ఉంటూ చేయలేరు. దూరవిద్య బీఈడీ అప్పటికే టీచరు శిక్షణ పొందినవారి కోసం పెట్టినది. "ఇంట్లోనే ఉండండి, బీఈడీ పట్టా మేం ఇప్పిస్తాం" అని ఫోను చేసే వారికి ఒక్క రూపాయి కూడా కట్టకండి, దయచేసి.

కొందరు బ్రిటన్ విశ్వవిద్యాలయాల అంతర్జాతీయ పీజీసీఈ (డిగ్రీ తరువాత చేసే టీచరు శిక్షణ కోర్సు) చేస్తారు. పని చేస్తూనే చేయవచ్చు, అంతర్జాతీయ స్కూళ్లలో దానికి విలువ ఉంది. దానితో ఇంగ్లండ్ టీచర్ హోదా మాత్రం రాదు. ఖర్చు కూడా పెద్దది, ఇప్పుడే వద్దు.

సెల్టాకు పై మెట్టు అయిన డెల్టా గురించి రేపు అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెబుతాను. మూడు భాగాలు, ఏది ముందైనా చేయవచ్చు. మొదటిది రాత పరీక్ష, అదీ జూన్‌లో, డిసెంబరులోనే. ఇంకో రెండేళ్లు తరగతిలో గడిపాక దాని గురించి ఆలోచించండి.

ప్రశ్న అడిగినవారు:
ఒప్పందం చూశానండీ. ఏప్రిల్ 10 దాకా వేసవి తరగతులు ఉన్నాయి.

జవాబు:
అయితే ఆన్‌లైన్‌లో పార్ట్‌టైమ్ సెల్టా చూడండి. పాఠాలు తెరమీద చెప్పినా శిక్షకులు చూస్తారు, చివరికి వచ్చే సర్టిఫికెట్ ఒకటే. తరగతుల వేళలు థాయి సమయానికి సాయంత్రాలు పడే కేంద్రాన్ని వెతకండి. చేర్చుకునే ముందు ఒక వ్యాకరణ పని ఇచ్చి, ఇంటర్వ్యూ చేస్తారు. అది రాసి ఇక్కడ పెట్టండి, పంపేముందు నేను చూస్తాను.