హోమేజ్ వాచీని తెలుగులో ఏమనాలి?

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో మా అన్నయ్య కూతురి నిశ్చితార్థం. మా మేనల్లుడు నల్ల డయల్, తిరిగే బెజెల్ (డయల్ చుట్టూ ఉండే చక్రం), స్టీలు చైనుతో ఒక వాచీ పెట్టుకొచ్చాడు. దూరం నుంచి అచ్చం రోలెక్స్ సబ్‌మెరైనర్. దగ్గరికెళ్తే డయల్ మీద పగానీ డిజైన్ అని ఉంది. మా నాన్నగారు కళ్ళజోడు సర్దుకుని, నలుగురిలోనే "డూప్లికేటా రా?" అనేశారు. వాడికి రోషం వచ్చింది. "డూప్లికేట్ కాదు తాతయ్యా, హోమేజ్" అన్నాడు. "అంటే?" అన్నారు ఆయన. వాడు నా వైపు చూశాడు, భాష గురించి ఎప్పుడూ ఏదో ఒకటి వాగే మామయ్య ఉన్నాడు కదా అని. నాకు నోరు పెగల్లేదు.

నాన్నగారు రెవెన్యూలో చేసి రిటైరయ్యారు. ఊరుకుంటారా? "నకలా, నకిలీయా, ఏదో ఒకటి చెప్పండి. మా ఆఫీసులో పహాణీ నకలు ఇస్తే రుసుము, నకిలీ పహాణీ ఇస్తే సస్పెన్షన్" అన్నారు. ఇంటికొచ్చాక కూడా ఇదే బుర్రలో తిరిగింది. రెండూ 'నక్ల్' అనే ఒకే అరబీ మాట నుంచి ఉర్దూ మీదుగా మనకు చేరినవి. ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎత్తడం, ఎత్తి రాయడం దాని అర్థం. చివర ఈకారం చేరేసరికి పరువు పోయింది. దీని జంట 'అసలు' కూడా అరబీదే. అది మన దగ్గరికొచ్చి వడ్డీ పక్కన కూర్చుంది, వాక్యం మొదట్లో ఊతపదం కూడా అయింది. (అసలు అది వేరే చర్చ.)

సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. రోలెక్స్ పేరు, కిరీటం గుర్తు వేసి అమ్మే దొంగ సరుకు మీద వాచీలు పోగుచేసేవాళ్ళకు పేచీ లేదు, అది మోసమే. బజార్లో దాన్నే 'ఫస్ట్ కాపీ' అని ముద్దుగా అంటారు. తగువంతా ఇంకో రకంతో. రూపం పెద్ద కంపెనీది, పేరు మాత్రం సొంతం. ఇన్విక్టా ప్రో డైవర్, స్టైన్‌హార్ట్ ఓషన్ వన్, పగానీ లాంటివి. ఇష్టపడేవాళ్ళు వీటిని హోమేజ్ అంటారు. గిట్టనివాళ్ళు, నకిలీ చేయడానికి ధైర్యం చాలక చేసినవి అంటారు. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో హోమేజ్‌కు 'నివాళి' కనిపించింది. అదే ఖాయం చేస్తే వాచీకి దండ వేసి అగరొత్తులు వెలిగించాలి. అందుకే మన గుంపులో అడుగుతున్నాను, సాయం చేయండి.

నల్లకుంట మాస్టారు: నివాళిని అంతలా తీసిపారేయకండి. దాని మొదటి అర్థం హారతి. దేవుడికీ పెళ్ళికొడుకుకీ ఎత్తేది. పత్రికలవాళ్ళు వర్ధంతుల దగ్గర వాడి వాడి దాన్ని శ్మశానానికి పంపారు. ఇక హోమేజ్ సంగతి. ఫ్రెంచిలో మనిషిని 'ఓమ్' అంటారు, లాటిన్ 'హోమో' నుంచి వచ్చింది. మధ్యయుగాల్లో సామంతుడు ప్రభువు ముందు మోకరిల్లి, తన రెండు చేతులూ ఆయన చేతుల్లో పెట్టి, "నేను మీ మనిషిని" అని చెప్పుకునే తంతు పేరు అది. "వాడు ఫలానా ఎమ్మెల్యే మనిషి" అంటామే, సరిగ్గా ఆ మనిషి.

ఉప్పల్ అన్న: అంటే "బాంచెన్, నీ కాల్మొక్త" వాచీ అన్నట్టు.

నల్లకుంట మాస్టారు: నవ్వులాటకన్నా అర్థం అదే. కాకపోతే ఆ బాంచెన్ దొర మొహం పెట్టుకుని బజార్లో తిరిగేవాడు కాదు.

కోఠి తమ్ముడు: నా దగ్గర ఆరు వాచీలున్నాయి, మూడు హోమేజ్‌లే, సిగ్గేమీ లేదు. ఒకదాని లోపల సీకో ఎన్‌హెచ్35 యంత్రం. అరగకుండా లోపల పెట్టే రాళ్ళు (జ్యువెల్స్) 24, గంటకు 21,600 సార్లు కొట్టుకుంటుంది, నిండా చుట్టుకుంటే 41 గంటలు నడుస్తుంది. సీకోవాళ్ళు ఈ యంత్రాన్ని బయటి కంపెనీలకు బాహాటంగానే అమ్ముతారు. ఇందులో దొంగతనం ఎక్కడ? ఆ బెజెల్ తిరిగేది ఈతగాడు నీళ్ళలోకి దిగి ఎన్ని నిమిషాలైందో చూసుకోవడానికి. గుర్తులు లావుగా ఉండేది చీకట్లో కనబడటానికి. సబ్‌మెరైనర్ పుట్టిన 1953లోనే బ్లాంపా కంపెనీ వాళ్ళ ఫిఫ్టీ ఫాథమ్స్ వాచీ కూడా పుట్టింది, దానికీ నల్ల డయలే, తిరిగే బెజెలే. గొడుగు ఎవరు చేసినా గొడుగులాగే ఉంటుంది కదన్నా.

నేను: తమ్ముడూ, గొడుగు సరే. గంటల ముల్లు మీద మెర్సిడెస్ గుర్తు లాంటి చక్రం, తేదీ మీద భూతద్దం కూడా ఈత కోసమేనా?

కోఠి తమ్ముడు: దొరికిపోయాను.

బోయినపల్లి అక్క: మగాళ్ళ వాచీలనేసరికి ఇంత మీమాంసా? మేం ఎప్పటినుంచో గిల్టు నగలు అంటున్నాం, రోల్డుగోల్డు అంటున్నాం, ఇప్పుడు వన్ గ్రామ్ గోల్డ్ అంటున్నాం. డిజైన్ పెద్ద షోరూమ్ హారానిదే. పెళ్ళిలో ఎవరైనా "బంగారమా?" అంటే "వన్ గ్రామ్ వదినా" అని నవ్వుతూ చెప్తాం, ఎక్కడ కొన్నామో కూడా చెప్తాం. నకిలీ నగ అని ఎప్పుడంటాం? బంగారమని చెప్పి అంటగట్టినప్పుడు. మాట వస్తువును బట్టి రాదు, చెప్పే నోటిని బట్టి వస్తుంది.

హన్మకొండ అల్లుడు: అక్క మాటకు నా ఓటు. మా ఊరి మిమిక్రీ కళాకారుడు నేరెళ్ళ వేణుమాధవ్ గారిని ధ్వన్యనుకరణ సమ్రాట్ అన్నారు, 2001లో పద్మశ్రీ ఇచ్చారు. దొంగ గొంతు అని ఎవరూ అనలేదు. స్టేజీ మీద నిలబడి ఇది ఫలానావారి గొంతు అని చెప్పి మరీ చేసేవారు కాబట్టి. అదే గొంతుతో ఫోన్ చేసి డబ్బడిగితే కేసు. కాబట్టి 'అనుకరణ వాచీ' చాలు.

చింతల్ బాబాయి: నేను హెచ్ఎమ్‌టీలో చేశాను. మా యూనిట్‌లో తయారైంది యంత్రాలు, వాచీలు కాదు. అయినా చుట్టాలంతా నన్నే మా కంపెనీ జనతా వాచీ అడిగేవాళ్ళు, అది నా ఖర్మ. 1961లో బెంగళూరులో హెచ్ఎమ్‌టీ వాచీలు మొదలైంది జపాను సిటిజన్ వాళ్ళ సాంకేతిక సాయంతో. రూపం, యంత్రం అక్కడివే, అనుమతి ఉంది, పేరు మనది. దాన్ని ఎవరూ అనుకరణ అనలేదు, దేశం వాచీ అన్నారు. ఇప్పుడు చూడండి, పాత జనతాలకు డయల్ మీద ఇష్టమొచ్చిన రంగులేసి పాత సరుకని అమ్ముతున్నారు. పేరు అసలుదే, లోపలి యంత్రమూ అసలుదే, మొహం మాత్రం నిన్నటిది. దీన్ని ఏమంటారో చెప్పండి ముందు.

ఉప్పల్ అన్న: మేకప్ వేసిన తాతయ్య.

సికింద్రాబాద్ ప్లీడరు: చట్టం దృష్టిలో రెండు దారులు. పేరు, ముద్ర దొంగిలిస్తే 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం, 103వ సెక్షన్. ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. రూపం సంగతి 2000 నాటి డిజైన్ల చట్టం చూసుకుంటుంది. రిజిస్టరైన రూపానికి 10 ఏళ్ళ రక్షణ, పొడిగిస్తే ఇంకో 5, అంతే. ముద్రను మాత్రం పదేళ్ళకోసారి రెన్యూ చేసుకుంటూ ఎంతకాలమైనా ఉంచుకోవచ్చు. రూపానికి ముసలితనం ఉంది, పేరుకు లేదు.

తార్నాక సభ్యురాలు: నేను గ్రాఫిక్ డిజైనర్‌ని. అందరూ "పేరు సొంతం కాబట్టి నిజాయితీ" అంటుంటే ఒళ్ళు మండుతోంది. రెండేళ్ళ క్రితం నేను వేసిన పుస్తక అట్ట ఒకటి ఒక సంస్థవాళ్ళు రంగు మార్చి, కింద వాళ్ళ పేరు వేసుకుని వాడారు. నా పేరు పెట్టి వాడితే కనీసం జనానికి నేను తెలిసేదాన్ని. సాహిత్యంలో ఒకడి పద్యం కింద ఇంకొకడు తన పేరు రాసుకుంటే చౌర్యం అంటాం కదా. వాచీ దగ్గరికొచ్చేసరికి తన పేరు రాసుకోవడమే సుగుణం ఎలా అయింది?

ఇక్కడ గుంపంతా కాసేపు గప్‌చుప్. నేను కూడా. నిజానికి అప్పటికే 'అనుసరణ వాచీ' అని టైపు చేసి పెట్టుకున్నాను. నాటకాల వాళ్ళు అనువాదం, అనుసరణ అని వేరుచేస్తారు కదా, ఈ రెండోది బాగా అతుకుతుందని మురిసిపోయాను. కానీ అనుసరణ అని వేసుకునేవాడు పక్కన "ఫలానా దానికి" అని కూడా వేస్తాడు. పగానీ డయల్ మీద ఆ 'ఫలానా' ఎక్కడుంది? నాన్నగారి ఆఫీసు నకలు మీద కూడా నకలు అని ముద్ర ఉంటుంది. మాట చెరిపేశాను.

నల్లకుంట మాస్టారు: అమ్మాయి అడిగింది పాత ప్రశ్నే. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం అనే తన కావ్యశాస్త్ర గ్రంథం చివరి ఉద్ద్యోతంలో, అంటే అధ్యాయంలో, ఎత్తుకున్నాడు. ఒక కవి మాట ఇంకో కవి మాటలా ఉండటాన్ని ఆయన 'సంవాదం' అన్నాడు. అది మూడు రకాలు. అద్దంలో ప్రతిబింబం లాంటిది: దానికంటూ ఆత్మ లేదు. గీసిన బొమ్మ లాంటిది, ఆలేఖ్యం: ఆత్మ ఉందిగాని తుచ్ఛం. ఇద్దరు మనుషులకు పోలికలు కలిసినట్టుండేది, తుల్యదేహి: ఎవరి ప్రాణం వారిది. మొదటి రెండూ వదిలేయమన్నాడు, మూడోదాన్ని వదలక్కర్లేదన్నాడు. ముఖం చంద్రుడిలా ఉన్నా వెలవెలబోదు, ఇంకా వెలుగుతుంది అని ఉపమానం కూడా ఇచ్చాడు.

కోఠి తమ్ముడు: మాస్టారూ, దండాలు. ఇది వాచీలకు రాసినట్టే ఉంది. ఫస్ట్ కాపీ ప్రతిబింబం. ఫిఫ్టీ ఫాథమ్స్, సబ్‌మెరైనర్ తుల్యదేహులు. వాచీల డిజైనర్ జెరాల్డ్ జెంటా గీయగా 1972లో వచ్చిన రాయల్ ఓక్‌కు ఎనిమిది పలకల బెజెల్. 2019లో కాసియో కూడా జీ-షాక్‌లో ఎనిమిది పలకలది తెచ్చింది, జనం దాన్ని కాసియోక్ అని పిలుచుకున్నారు. అదీ తుల్యదేహే. ప్లాస్టిక్ ఒళ్ళు, పక్కన డిజిటల్ అంకెలు, కింద పడేసినా పగలదు. దాని బతుకు వేరు. నావి మూడూ మాత్రం... ఆలేఖ్యాలు. ఒప్పుకుంటున్నా. అయినా వాటిని అమ్మను గాక అమ్మను.

తార్నాక సభ్యురాలు: బొమ్మ ఇష్టమై గోడకు తగిలించుకుంటే నాకేం అభ్యంతరం లేదు తమ్ముడూ. గీసినవాడు "ఇది నా ఊహ" అంటేనే మంట.

ఉప్పల్ అన్న: మరి ఆలేఖ్య వాచీ అని పోయి దుకాణంలో అడుగుండ్రి, ఏమిస్తడో చూద్దాం.

మొత్తానికి ఆ పనే చేశాను. నిన్న సాయంత్రం ఆబిడ్స్‌లో ఒక చిన్న వాచీ దుకాణానికి వెళ్ళి, ఏ మాటా వాడకుండా, మేనల్లుడి వాచీ ఫొటో చూపించాను. హోమేజ్, అనుకరణ, ఏదీ అనలేదు. దుకాణదారు ఒక్క క్షణం చూసి, "మోడల్ అదే, పేరు వేరే" అన్నాడు. ఇంకో అరలోంచి ఒకటి తీసి, "ఇది పేరు కూడా అదే" అని గొంతు తగ్గించాడు. మనం మూడు రోజులుగా కొట్టుకుంటున్న తేడాను ఆయన ఒక 'కూడా'తో చెప్పేశాడు.

కాబట్టి ప్రస్తుతానికి నా ఓటు 'పేరు వేరే వాచీ'కి. నిఘంటువులోకి ఎక్కదని తెలుసు. తార్నాక వారి మంటకు ఇందులో మందు లేదని కూడా తెలుసు.

మేనల్లుడు: మామయ్యా, ఇవాళ పొద్దున తాతయ్యకు ఫోన్‌లో ఇదంతా చెప్పాను. మొహం ఒకరిది, పేరు ఇంకొకరిది అన్నాను. "దత్తుపోయిందని చెప్పొచ్చుగా, మీ మామయ్యకు ఆ మాట తట్టలేదా?" అన్నారు.

చింతల్ బాబాయి: దత్తత అంటే కన్నవాళ్ళు ఒప్పుకోవాలి బాబూ. రోలెక్స్ ఒప్పుకుందా?