బండి లేకుండా, సిటీ బస్సు మీదే విశాఖ కొండల్లో నడక: ఏ దారులు బాగుంటాయి?

గాజువాక_నడక:

నమస్కారమండి. గాజువాక నుంచి ఐదుగురం, ఒక్కరికీ బండి లేదు. ఆదివారం తెల్లారగట్ల బయల్దేరి మధ్యాహ్నం భోజనం వేళకి ఇల్లు చేరాలి. బీచ్ రోడ్డు వాకింగ్ కాదు, చెట్లూ రాళ్లూ ఉన్న కొండదారి కావాలి. మాలో ఒకాయనకి 58 ఏళ్లు. నడక అలవాటే గాని మోకాళ్లు కొంచెం బలహీనం.

మాధవధార నుంచి సింహాచలం కొండ దాటే పాత మెట్లదారి ఇప్పటికీ నడవడానికి పనికొస్తుందా? కంబాలకొండ లోపలికి మనంతట మనం వెళ్లొచ్చా? తొట్లకొండకి బస్సు ఎంతవరకు వెళ్తుంది? నీళ్లు, బూట్లు, పాముల సంగతి కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

ఖొండలైట్:

మాధవధార దారి బాగానే పనికొస్తుంది. బస్సు మీద వెళ్లేవాళ్లకి అంతకన్నా మంచిది లేదు, ఎందుకంటే ఒక బస్సు స్టాపు దగ్గర కొండ ఎక్కి ఇంకో బస్సు స్టాపు దగ్గర కొండ దిగుతారు. బండి పెట్టిన చోటికి వెనక్కి నడవాల్సిన పని ఉండదు.

సింహాచలం గిరిప్రదక్షిణ చేసినవాళ్లకి ఈ కొండ ఆకారం కాళ్లకే తెలుసు. తొలిపావంచా (కొండ కింది మొదటి మెట్టు) దగ్గర మొదలెట్టి ముడసర్లోవ, హనుమంతవాక, అప్పూఘర్, సీతమ్మధార, కంచరపాలెం, మాధవధార, ఎన్‌ఏడీ జంక్షన్, గోపాలపట్నం మీదుగా 32 కిలోమీటర్లు తిరిగేది ఈ కొండ వరస చుట్టూనే. మాధవధార దక్షిణం వైపు, సింహాచలం ఉత్తరం వైపు. మీరు ఆ చుట్టు వదిలేసి అడ్డంగా దాటుతారు, అంతే.

గాజువాక నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు హైవే మీద పోయే బస్సు ఎక్కి, ఎన్‌ఏడీ దాటాక మురళీనగర్ స్టాపులో దిగండి. అక్కణ్ణుంచి మాధవధార గుడికి ఆటో ఉంటుంది, నడిచినా నడవొచ్చు. గుడి దగ్గర్నుంచే రాతి మెట్లు ఎక్కుతాయి. దారి పరిస్థితి ఆ వారం ఎలా ఉందో గుడి దగ్గర ఒకసారి అడగండి. వానాకాలం తర్వాత చెట్లు అడ్డం పడి ఉంటాయి, ఆ సంగతి వాళ్లకే ముందు తెలుస్తుంది.

ఆరింటికల్లా మొదటి మెట్టు మీద ఉండాలి. దక్షిణపు వాలు కాబట్టి చలికాలంలో కూడా ఎనిమిదయ్యేసరికి ఎండ నేరుగా వీపు మీద పడుతుంది. శిఖరపు గట్టు దాటి ఉత్తరం వైపు దిగేటప్పుడు నీడ ఎక్కువ. మొత్తానికి మూడు గంటలు వేసుకోండి, పెద్దాయన ఉన్నారు కాబట్టి ఇంకో ముప్పావు గంట కలుపుకోండి.

ఇక్కడ జారేది ఎక్కడో, ఎందుకో చెప్తాను. మన కొండరాయి ఖొండలైట్. ఎండకీ వానకీ లోపల్నుంచి మెత్తబడి ఎర్రమట్టిగా, గరుసుగా రాలిపోతుంది. పాత మెట్టు గట్టిగానే కనిపిస్తుంది గాని, దాని అంచు మీద గోధుమరవ్వంత గరుసు పొర పరుచుకుని ఉంటుంది. ఎక్కేటప్పుడు అరికాలి ముందుభాగం ఆనుతుంది కాబట్టి ఏం కాదు. దిగేటప్పుడు ఒంటి బరువు అడుగు మీద ఒక్కసారిగా పడుతుంది, ఆ రవ్వ బేరింగు గుండ్లలా దొర్లి కాలు లాక్కుపోతుంది. పడేవాళ్లలో ఎక్కువమంది దిగేటప్పుడే పడతారు. దిగుడులో అడుగు చిన్నగా వేసి, మెట్టు అంచు మీద కాకుండా లోపలి మూల వైపు పాదం మొత్తం ఆనించండి. అడుగు అరిగిన వాకింగ్ షూస్ వద్దు, లోతు గాడులున్న రబ్బరు అడుగు కావాలి. కొత్త బూట్లు ఆ రోజే మొదటిసారి వేసుకోకండి.

సింహాచలంలో దిగాక, మోకాళ్లు బాగోలేనివాళ్లు గుడి దగ్గర దేవస్థానం బస్సు ఎక్కి కిందికి వచ్చేయొచ్చు. మిగతావాళ్లు తొలిపావంచా మెట్లు దిగొచ్చు. వెయ్యికి పైగా మెట్లు, కానీ బాగు చేసి ఉన్న దారి. కింద బస్టాండులో 28, 6ఎ దొరుకుతాయి. గాజువాక వెళ్లేవాళ్లు ఎన్‌ఏడీలో మారితే సరిపోతుంది. చందనోత్సవం జరిగే అక్షయ తృతీయ, గిరిప్రదక్షిణ పూర్తయ్యే ఆషాఢ పౌర్ణమి, ఈ రెండు రోజులూ బస్సులు దారి మళ్లుతాయి. వాటికి ముందురోజు కూడా పెట్టుకోవద్దు.

గాజువాక_నడక:

చాలా థాంక్సండి. ఒక సందేహం. సింహాచలం వరకు బస్సులో వెళ్లి, అక్కణ్ణుంచి మాధవధారకి దిగితే మా పెద్దాయనకి తేలిక కాదా?

ఖొండలైట్:

తేలిక అనిపిస్తుంది గాని కాదండి. బలహీనమైన మోకాలికి ఎక్కుడు కన్నా దిగుడే భారం. మీరనే పద్ధతిలో బాగు చేసిన మెట్లు ఎక్కి, విరిగిన మెట్లు దిగాల్సి వస్తుంది. పైగా మాధవధార వైపు మధ్యలో ఆగిపోతే బస్సు లేదు, ఆటో లేదు. విరిగిన మెట్లు పొద్దున్నే, కాళ్లు తాజాగా ఉన్నప్పుడు ఎక్కెయ్యండి. ఆయనకి ఒక కర్ర ఇవ్వండి, మోచెయ్యి వంచి పట్టుకుంటే నేలకి ఆనేంత పొడవుంటే చాలు.

అడవిపిట్ట:

కంబాలకొండ గురించి. మీ అంతట మీరు వెళ్లకూడదు. అది 70 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న అభయారణ్యం. అనుమతి లేకుండా లోపల అడుగుపెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఎండాడ వైపు నుంచో, శంభువానిపాలెం వైపు నుంచో బాటలు కనిపిస్తాయి, ఫోన్ మ్యాపులో గీతలు కూడా ఉంటాయి. గీత ఉన్నంతమాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు.

సరైన పద్ధతి ఇదీ. హనుమంతవాక దాటాక హైవే మీద, జూ దగ్గర ఎకో పార్కు గేటు ఉంది. కాంప్లెక్స్ నుంచి తగరపువలస వెళ్లే 222 లాంటి బస్సులు ఆ ముందునుంచే పోతాయి. మెట్రో ఎక్స్‌ప్రెస్ అయితే అక్కడ ఆగుతుందో లేదో ఎక్కకముందే కండక్టర్ని అడగండి, లేకపోతే ఎండాడలో దింపుతారు. ఆ హైవే పక్కన వెనక్కి నడవడం కొండెక్కడం కన్నా ప్రమాదం. గేటు దగ్గర టికెట్ తీసుకుని, ట్రెక్ కావాలని చెప్పి, అటవీశాఖ గైడుని అడగండి. ఐదుగురు ఒకేసారి వస్తున్నారంటే ముందురోజే వెళ్లి మాట్లాడుకోవడం మేలు. ఆదివారం పిక్నిక్ జనం వచ్చాక గైడులు ఖాళీగా ఉండరు.

గైడు దారి చూపించడానికి మాత్రమే కాదు. ఆ అడవిలో చిరుతలున్నాయి, కణుజులు, అడవిపందులు ఉన్నాయి. చిరుత మనిషిని తప్పించుకునే పోతుంది, కానీ తెల్లారీ తెల్లారకముందు, చీకటి పడే వేళ దాని తిరుగుడు ఎక్కువ. అందుకని మాధవధారకి చెప్పిన ‘ఆరింటికల్లా’ అన్న లెక్క ఇక్కడ పనికిరాదు, గేటు తీశాకే వెళ్లాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. పిల్లలుంటే వరస మధ్యలో నడిపించండి, ముందూ వెనకా కాదు.

ఎవరూ చెప్పనిది దురదగొండి. డిసెంబరు నుంచి మార్చి దాకా తీగలకి గుత్తులుగా కాయలు వేలాడతాయి. చింతకాయంత ఉంటాయి, కొస కొంచెం వంకర తిరిగి, ఒళ్లంతా బంగారు గోధుమరంగు నూగుతో ముఖమల్ గుడ్డలా మెరుస్తాయి. చెయ్యి పెట్టి చూడాలనిపిస్తుంది. ముట్టుకోనక్కర్లేదు, గాలికి రాలిన నూగు మెడ మీద పడినా చాలు. తగిలితే గోకకండి, గోకితే ముళ్లలాంటి ఆ నూగు ఇంకా లోపలికి దిగుతుంది. ప్లాస్టరో, అంటుకునే టేపో అదిమి లాగేయండి, రెండు మూడుసార్లు. తర్వాతే నీళ్లు. పొడుగు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు, మేజోళ్లలోకి దూర్చిన ప్యాంటు అంచు: దురదగొండికీ, పిడుదులకీ ఇదే మందు.

గాజువాక_నడక:

దురదగొండి సంగతి నిజంగా తెలియదండి. పాముల గురించి కూడా చెప్పండి.

అడవిపిట్ట:

నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మూడూ ఈ కొండల్లో ఉన్నాయి. రక్తపింజరితో చిక్కేమిటంటే అది పారిపోదు, ఎండుటాకుల్లో కలిసిపోయి అలాగే పడుంటుంది. కుక్కరు ఆవిరి వదిలినట్టు బుస వినిపిస్తే ఉన్నచోటే ఆగి, చప్పుడు ఎటునుంచో చూసుకుని, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి జరగండి. పడిన మానుని దాటేటప్పుడు అవతల ఏముందో చూడకుండా కాలు వెయ్యొద్దు, రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టి ఎక్కొద్దు.

కరిస్తే తాడు బిగించొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేసి, ఆ కాలో చెయ్యో కదలకుండా కర్రతో ఆన్చి గుడ్డ చుట్టి, మనిషిని నడిపించకుండా మోసుకు దించాలి. 108కి ఫోన్, ఆపైన కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి). మోసుకు దించడానికే కనీసం నలుగురు కావాలి, అందుకే ఇద్దరు ముగ్గురు వెళ్లొద్దంటాం. మీరు ఐదుగురు, సరిపోతుంది.

భీమిలి_బాట:

తొట్లకొండ నేను చెప్తాను. రైల్వే స్టేషన్ నుంచి భీమిలి పోయే 900కె బీచ్ రోడ్డు మీదుగా వెళ్తుంది. రుషికొండ దాటాక తొట్లకొండ ఆర్చి దగ్గర దిగండి. బస్సు కొండెక్కదు, అక్కణ్ణుంచి తారురోడ్డు మీదే నడక. కొండ 128 మీటర్లే, మెలికల రోడ్డు, దారి తప్పే పనే లేదు. మీ పెద్దాయనకి మొదటి ఆదివారం ఇదే పెట్టండి, మాధవధార రెండోదిగా ఉంచండి.

నీడ మాత్రం దాదాపు లేదు, నీళ్లు అసలే లేవు. ‘తొట్లు’ అన్న పేరే దానికి సాక్ష్యం: కొండ మీద ఊట లేదు కాబట్టే బౌద్ధ భిక్షువులు వాననీళ్లు పట్టుకోవడానికి రాతిలో తొట్లు తొలిచారు. 1988 నుంచి 1993 దాకా పురావస్తు శాఖ తవ్వకాల్లో బయటపడ్డ స్తూపం, విహారాలు చూడ్డానికి గంట పెట్టుకోండి. గోడల మీద ఎక్కొద్దు, ఇటుక వరసలు కదిలిపోతాయి. అక్కణ్ణుంచి దగ్గర్లోని ఇంకో బౌద్ధ స్థలం బావికొండకి పొదల్లోంచి అడ్డదారి వెతకొద్దు, రోడ్డు మీదికి దిగి వెళ్లడమే సరైనది.

పదిన్నరకల్లా మళ్లీ ఆర్చి దగ్గరుండాలి. ఆదివారం ఎండెక్కేకొద్దీ భీమిలి నుంచి వచ్చే 900కె నిండిపోయి వస్తుంది, ఆపకుండా పోయేవి కూడా ఉంటాయి. మీ గుంపులో ఆడవాళ్లుంటే ఆధార్ కార్డు పెట్టుకోమనండి, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో స్త్రీశక్తి ఉచిత ప్రయాణ పథకం కింద టికెట్ డబ్బులు కట్టక్కర్లేదు.

ఎర్రమట్టి దిబ్బలు కూడా అదే దారిలో ఉన్నాయి గాని, దయచేసి అక్కడ ట్రెక్కింగు పెట్టుకోకండి. అది ఇసుకే, గట్టు మీద వేసిన ప్రతి అడుగూ వచ్చే వానకి ఒక కొత్త గండి అవుతుంది. కట్టిన దారి మీద నిలబడి చూసి రండి.

ఖొండలైట్:

నీళ్ల లెక్క మిగిలిపోయింది. మన కొండలు ఎత్తుతో కష్టపెట్టవు, ఉక్కతో కష్టపెడతాయి. సముద్రపు గాలిలో తడి ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. నవంబరు–ఫిబ్రవరిలో మనిషికి 2 లీటర్లు, మార్చి దాటితే 3. ఐదుగురికి 15 లీటర్లంటే 15 కిలోలు, ఒకరి వీపు మీద వేయకుండా పంచుకోండి. ఒక లీటరు సీసాలో ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్టు మొత్తం కలపండి, సగం ప్యాకెట్టు ఒక గ్లాసులో కలపడం తప్పు. ఎవరికైనా చెమట ఆగి తల తిరుగుతుందంటే అక్కడితో ట్రెక్ అయిపోయినట్టే. నీడలో పడుకోబెట్టి, మెడకీ చంకలకీ తడిగుడ్డ వేసి, వెంటనే కిందికి తెచ్చే ఏర్పాటు చూడండి.

దారి తప్పడం గురించి ఒక్క గుర్తు. మేకలబాట, మనిషిబాట కింద నేల మీద ఒకేలా ఉంటాయి. తల ఎత్తి చూడండి. నేల శుభ్రంగా ఉండి నడుము ఎత్తులో కొమ్మలు మూసుకుపోతే అది మేకలబాట, కాస్త దూరంలో ముళ్లపొదలో ఆగిపోతుంది. తల ఎత్తు వరకు తెరిచి ఉంటేనే మనుషులు నడిచే దారి. అనుమానం వస్తే చివరిగా మెట్టు కనిపించిన చోటికి వెనక్కి రండి, అడ్డంగా పడి కిందికి దిగే ప్రయత్నం వద్దు.

గాజువాక_నడక:

ముందు తొట్లకొండ, తర్వాత వారం మాధవధార అనుకుంటున్నాం. కిరండూల్ రైల్లో బొర్రా వెళ్లి నడవొచ్చని ఒకరన్నారు, మధ్యాహ్నానికి తిరిగి రాగలమా?

భీమిలి_బాట:

రాలేరు. కొత్తవలస–కిరండూల్ లైను సొరంగాల్లోంచి ఘాటెక్కుతుంది, పొద్దున్న వెళ్లే ప్యాసింజరు బొర్రా చేరేసరికే ఎండెక్కుతుంది. అది రోజంతా పెట్టుకోవాల్సిన ప్రయాణం. తొట్లకొండకి మాత్రం గాజువాక నుంచి కాంప్లెక్స్ దాకా వచ్చే మొదటి బస్సు పట్టుకోండి, ఏడున్నరకి ఆర్చి దగ్గర ఉంటారు.