పంచాయతీ లెక్క అడగాలంటే చుట్టరికం అడ్డొస్తోంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

మిషన్ అక్క:
మాది పల్నాడులో 400 గడపలోపు ఊరు. ఇంట్లోనే మిషన్ కుడతాను. జాకెట్ కొలతలకి వచ్చిన ఆడవాళ్ల నోట రోజూ ఒకటే మాట, వీధి లైట్లు. మా బజారులో 9 స్తంభాలుంటే వెలిగేవి 3. ఊరంతా కొత్త బల్బులు వేసినట్టు బిల్లయిందట. లైట్లు బిగించే కుర్రాడు ప్యాంటు జిప్పు వేయించుకోడానికి వచ్చి నోరు జారాడు.

గ్రామసభలో అడుగుదామంటే అది జరిగితే కదా! తీర్మానాల పుస్తకం ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించుకుంటారు. నేనూ పెట్టాను, అబద్ధమెందుకు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, ఏం పుస్తకమో కూడా చూడలేదు.

మా డ్వాక్రా గ్రూపులో ఆరుగురం లెక్క అడగాలనుకుంటున్నాం. చిక్కేమిటంటే సర్పంచ్ మా ఆయనకి వరసకు బాబాయి. మా అత్తయ్య "ఇంటి పరువు బజార్న పెడతావా" అని రెండు రోజులుగా నాతో మాట్లాడట్లేదు. ఆవిడ పెన్షన్‌కి ఏదైనా మెలిక పెడతారేమోనని ఇంకో టెన్షన్. గొడవ కాకుండా ఎలా?

పాత వార్డు మెంబరు:
అమ్మా, దరఖాస్తులో "తిన్నారు", "అవినీతి" లాంటి మాటలు ఒక్కటి కూడా రాయకండి. ఊరి లెక్కలన్నీ కావాలనీ అడక్కండి. లైట్లు ఒక్కటే పట్టుకోండి. కొన్న బిల్లు, ఓచరు, స్టాక్ రిజిస్టరు, దానికి చేసిన తీర్మానం, వీటి నకళ్లు ఇమ్మని తెల్లకాగితం మీద రాస్తే చాలు. 2005 సమాచార హక్కు చట్టం కింద అని పైన రాయండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసుకి దరఖాస్తు ఫీజు లేదు, నకలుకి పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ పై 30 రోజుల్లో మొదటి అప్పీలు వేసుకోవచ్చు. ఎందుకు అడుగుతున్నావని అడిగే హక్కు వాళ్లకు లేదు. ఇచ్చినట్టు రసీదు మాత్రం తీసుకోండి, లేదంటే రిజిస్టర్డ్ పోస్టు. నోటిమాట మీద వదిలితే మీరు కాగితమే ఇవ్వలేదంటారు.

కాగితం చేతికొచ్చాక అసలు పని. మా ఊళ్లో సైడు కాలువ ఎం.బుక్‌లో, అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో, 120 మీటర్లని ఉంది. నలుగురు ఆడవాళ్లు పట్టపగలు టేపు పట్టి కొలిస్తే 86. ఎవరినీ ఒక్క మాట అనలేదు, కొలిచి ఇంటికి పోయారు. పది రోజుల్లో మిగతా 34 మీటర్లూ కట్టారు. అందుకే చెబుతున్నా, ఒక్కరు వెళ్లొద్దు. దరఖాస్తు మీద మీ ఆరుగురి పేర్లూ రాయండి.

సర్పంచ్‌నే నేను:
అందరినీ ఒకే గాటన కట్టకండి. 2021లో కేంద్రం పంచాయతీలకిచ్చే ఆర్థిక సంఘం డబ్బు వచ్చిందని సంబరపడేలోపే కరెంటు బకాయిల కింద సర్దేశారు. అప్పుడు సర్పంచులం రోడ్డెక్కింది పేపర్లలో చూసే ఉంటారు. మా ఊరి బోరు మోటారు వైండింగ్ నా జేబులోంచి చేయించాను, ఆ బిల్లు చాలాకాలం రాలేదు.

అలాగని అడగొద్దనను. అడిగేటప్పుడు ఖర్చుతో పాటు ఎంత వచ్చిందో కూడా అడగండి. 15వ ఆర్థిక సంఘం (2021-26) గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టేశారు. లైట్లలాంటివి మిగతా 40 శాతంలో సర్దుకోవాల్సిందే అన్నారు. పంచాయతీల లెక్కలు పెట్టే కేంద్ర ప్రభుత్వ సైటు ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో మీ జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటే ప్లానూ, చెల్లింపులూ కనిపిస్తాయి. ఫోన్లోనే చూడొచ్చు. ఇంటిపన్ను లెక్కకైతే ఆఫీసులో ఎవరు ఎంత కట్టాలో రాసే డిమాండ్ రిజిస్టరు, క్యాష్‌బుక్ తిరగేయాల్సిందే.

వరంగల్ తమ్ముడు:
అక్కా, మా దిక్కు తెలంగాణల 2018 పంచాయతీరాజ్ చట్టంల రెండు నెలలకోసారి గ్రామసభ తప్పనిసరి. చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరి సంతకం పెట్టించిండ్రు, ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంటరని. మా ఊళ్లె ఇద్దరూ బావాబామ్మర్దులు. ఇగ చెప్పేదేముంది!

పాత వార్డు మెంబరు:
ఆంధ్రాలో 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఏడాదికి కనీసం రెండు గ్రామసభలు. ఈసారి పుస్తకం గుమ్మంలోకి వస్తే సంతకం కింద "ఇంటి దగ్గర పెట్టాను" అని రాసి తేదీ వేయండి. మళ్లీ తిప్పరు.

మిషన్ అక్క:
అందరికీ థ్యాంక్స్. దరఖాస్తు ఇవ్వబోతే పంచాయతీ సెక్రటరీ గారు తీసుకోనన్నారు, పోస్టులో పంపాం. 27వ రోజున 41 పేజీలు ఇచ్చారు, 82 రూపాయలు.

ఎల్‌ఈడీ బల్బులు 60 కొన్నట్టుంది. రాత్రి ఎనిమిదింటికి ఆరుగురం నోటుబుక్కు పట్టుకుని స్తంభం స్తంభం తిరిగాం. కుక్కలు మొరుగుతుంటే అరుగుల మీది జనం కూడా లేచి మాతో నడిచారు. కొత్తవి 41 తేలాయి. మిగతా 19 ఆఫీసు బీరువాలో ఉన్నాయంటున్నారు. తాళం బిల్ కలెక్టర్ దగ్గర ఉందట, ఆయన సెలవు. సోమవారం మళ్లీ వెళ్తాం. ఇక్కడ రాసిన సర్పంచ్ గారి మాట విని మా ఊరి బోరు మోటారు బిల్లు కూడా చూశాం, అది సరిగ్గానే ఉంది. ఆ మాట కూడా ఊళ్లో చెప్పాం.

బాబాయి గారు కనిపిస్తే మొహం తిప్పుకుంటున్నారు. పెన్షన్ ఒకటో తారీఖునే వచ్చింది. అత్తయ్య ఇంకా ముభావంగానే ఉన్నారు. నిన్న రాత్రి నోటుబుక్కు నా చేతిలోంచి లాక్కుని చూసి, "రామాలయం వెనక స్తంభం రాయలేదేం?" అన్నారు.

వెళ్లి చూశాం. అక్కడ బల్బే లేదు.