శ్రీశైలం ఔటింగ్‌కి పన్నెండు కార్లు: ఒకే వరసా, మూడు జట్లా?

నల్లమల_రూటు

వచ్చే నెల క్లబ్ ఔటింగ్‌కి పన్నెండు కార్లు ఖాయమయ్యాయి. తుక్కుగూడ నుంచి కడ్తాల్, ఆమనగల్లు, డిండి, మన్ననూరు, దోమలపెంట మీదుగా శ్రీశైలం. ఎప్పటిలాగే అందరం ఒకే వరసలో వెళ్దామని నా ప్రతిపాదన. ముందు దారి చూపే లీడ్ కారు, చివర ఎవరూ వెనకపడకుండా చూసే స్వీప్ కారు, దారంతా హజార్డ్ లైట్లు (నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి మిణుకుమనేవి). నాలుగేసి కార్ల చొప్పున మూడు జట్లు చేద్దామని కొందరు పట్టుబడుతున్నారు. నేను ఒప్పుకోకపోవడానికి రెండు కారణాలు. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అడవిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. విడిపోయిన జట్టుకి ఏదైనా అయితే మిగతావాళ్ళకి కబురు అందదు. పైగా ఘాట్‌లో మొదటిసారి నడపబోయేవాళ్ళు నలుగురున్నారు. ముందూ వెనకా మనవాళ్ళ కార్లు కనిపిస్తుంటే వాళ్ళకి ధైర్యం. కాదనేవాళ్ళు ఎందుకు కాదో లెక్కలతో రాయండి.

స్వీప్_కారు

లెక్కలే రాస్తాను. గంటకు 60 కి.మీ. అంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. ముందు కారుకి మూడు సెకన్ల ఎడం వదిలితే 50 మీటర్లు. పన్నెండు కార్ల మధ్య పదకొండు ఖాళీలు, కార్ల పొడవు కూడా కలిపితే వరస 600 మీటర్లవుతుంది. రెండు వరసల రోడ్డు మీద మన వెనక ఆర్టీసీ బస్సు 70లో వస్తోందనుకోండి. మనందర్నీ దాటాలంటే దానికి మూడున్నర నిమిషాలు, నాలుగు కిలోమీటర్ల పైన రోడ్డు కావాలి. ఆ దారిలో ఎదురు బండి రాని నాలుగు కిలోమీటర్లు పండగ సీజన్లో ఎక్కడుంది? అందుకని బస్సు ఒక్కో కారునే దాటి, మన ఖాళీల్లోకి దూరుతుంది. దూరిన ప్రతిసారీ వెనకున్న కొత్త డ్రైవరు గట్టిగా బ్రేకు కొడతాడు. నాలుగు కార్ల జట్టయితే పొడవు 170 మీటర్లు. అదే బస్సు నిమిషంలో దాటి వెళ్ళిపోతుంది.

అసలు ప్రమాదం చివరి కార్లకి. ఆమనగల్లులో స్పీడ్ బ్రేకర్ దాటగానే లీడ్ కారు 70 అందుకుంటుంది. మధ్యలో ఆటోలు, బైకులు చొరబడి పన్నెండో కారు అదే బ్రేకర్ దాటేసరికి నిమిషం గడుస్తుంది. అప్పటికి లీడ్ కిలోమీటరుకి పైగా ముందుంటుంది. అదనంగా పెరిగిన ఆ అర కిలోమీటరు ఎడం పూడ్చాలంటే చివరి కారు 90లో నిమిషంన్నర, అంటే రెండు కిలోమీటర్లకు పైగా తోలాలి. లీడ్ ఒక్కసారి కూడా 70 దాటకపోయినా చివరి కారుకి ఇది తప్పదు. ఊరూరా ఇదే తంతు. ఒకే వరస వల్ల కొత్తవాళ్ళకి ధైర్యం అంటున్నారు గానీ, వాళ్ళని వరస మధ్యలో పెట్టి, వాళ్ళకి చేతకాని వేగంతో తోలమని మనమే ఒత్తిడి పెడుతున్నాం.

టర్బో_డీజిల్

అన్నా, మూడు సెకన్లు ఎవరు వదులుతారు? అంత ఖాళీ ఉంటే టూఫాన్ బండ్లు, బైకులు అన్నీ మధ్యలోకే వస్తాయి. మూడు కార్ల పొడవు చాలు. వరస 200 మీటర్లకి తగ్గిపోతుంది, మీ లెక్కంతా మారిపోతుంది. లీడ్ వాకీటాకీ రేడియోలో "బ్రేక్" అని చెప్తూ ఉంటే సరి.

ఘాట్_గేర్

మూడు కార్ల పొడవంటే 12 మీటర్లు. ముందు కారు బ్రేకు లైటు వెలిగాక కాలు పెడల్ మీదికి వెళ్ళి నొక్కేందుకు మామూలు మనిషికి ఒకటి నుంచి ఒకటిన్నర సెకను పడుతుంది. 60లో ఆ ఒకటిన్నర సెకనులోనే కారు 25 మీటర్లు పోతుంది. ముందు కారు మీ కారంత గట్టిగా ఆగితే, మీరు బ్రేకు నొక్కినా ఆగేలోపే దాన్ని గుద్దేస్తారన్నమాట. ఒకరు ఆలస్యంగా చూస్తే వెనకాల నాలుగైదు కార్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. రేడియోలో "బ్రేక్" అనే మాట పూర్తయ్యేలోపు ఆ సెకను అయిపోయి ఉంటుంది. మధ్యలోకి బైకు వస్తే రానివ్వండి, యాక్సిలరేటర్ కొంచెం వదలండి, ఎడం మళ్ళీ ఏర్పడుతుంది. దీని మీద నేను బేరానికి రాను.

హజార్డ్ లైట్ల సంగతి కూడా తేల్చేద్దాం. అవి వేసి నడుపుతుంటే మీరు కుడికి వెళ్తున్నారో ఎడమకి వెళ్తున్నారో వెనకవాళ్ళకి తెలియదు, ఎందుకంటే ఇండికేటర్ వేసినా వేరుగా కనిపించదు. పన్నెండు కార్లూ మిణుకుమంటుంటే నిజంగా ఆగిపోయిన కారు ఏదో ఎవరు పోల్చుకుంటారు? వానలో, పొగమంచులో లో బీమ్, ఫాగ్ లైటు ఉంటే అది. హజార్డ్ ఆగిన కారుకి మాత్రమే.

నల్లమల_రూటు

హజార్డ్ విషయం ఒప్పుకుంటున్నాను, ప్రతిపాదన నుంచి తీసేస్తున్నాను. ఎడం విషయంలోనూ టర్బో గారితో నేను లేను. కానీ నా ప్రధాన అభ్యంతరం అలాగే ఉంది. అడవిలో ఒక కారు ఆగిపోతే? మూడో జట్టులో పంక్చర్ పడితే మొదటి జట్టు దోమలపెంటలో టీ తాగుతుంటుంది.

రేడియో_446

రేడియో ఉంటే చాలనుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. మన దేశంలో ఇలాంటి మామూలు వాకీటాకీల్లో లైసెన్స్ లేకుండా వాడుకోవడానికి అనుమతించినవి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ లోపు, అర వాటు శక్తి గల సెట్లు. ఐదు వాట్లవి ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతున్నాయని కొనకండి, లైసెన్స్ లేకుండా వాడితే చట్టవిరుద్ధం. కారు ఇనప డొక్కులో కూర్చుని అర వాటు సెట్టుతో మాట్లాడితే తిన్నటి రోడ్డు మీద కిలోమీటరు అటూ ఇటూగా అందుతుంది. ఘాట్ మలుపుల్లో కొండ అడ్డొస్తే అదీ అందదు. అంటే 600 మీటర్ల వరసలో కూడా లీడ్ మాట స్వీప్‌కి ఘాట్‌లో చేరుతుందన్న భరోసా లేదు. అదే 170 మీటర్ల జట్టులో చేరుతుంది. సిగ్నల్ లేదన్న కారణం చిన్న జట్టుకే బలం, పెద్ద వరసకి కాదు.

సెట్టు డ్రైవరు చేతిలో ఉండకూడదు, పక్క సీటులోవాళ్ళు పట్టుకోవాలి. ఒంటరిగా నడిపేవాళ్ళు వినడం వరకే. మాటలు కూడా ముందే అనుకుని పొట్టిగా చెప్పాలి: "గుంత ఎడమ", "పశువులు", "స్వీప్ దాటింది". స్పీడ్ బ్రేకర్ దాటాక "స్వీప్ దాటింది" అని వినిపించేదాకా లీడ్ 40 మించకపోతే, స్వీప్_కారు గారు పైన చెప్పినట్టు వరస సాగిపోవడం సగం తగ్గిపోతుంది.

ఓరుగల్లు_హ్యాచ్

నేను ఆ కొత్త నలుగురి తరఫున మాట్లాడుతున్నాను. 1.2 లీటర్ల చిన్న పెట్రోలు ఇంజన్ కారుతో పెద్ద ఎస్‌యూవీల వెనక పడితే ప్రతి ఓవర్‌టేక్‌లో ఇబ్బందే. ముందు కారు లారీని దాటేసిందంటే మనమూ దాటాలేమో అనిపిస్తుంది. దానికి ఖాళీ కనిపించిన చోట మనకి ఉండదు. అందుకని జట్టులో బలం తక్కువ కారు రెండో స్థానంలో ఉండాలని నా మాట. లీడ్ అద్దంలో చూసేది దాన్నే కాబట్టి వేగం దాని ప్రకారమే కుదురుతుంది. ఓవర్‌టేక్ మాత్రం ఎవరిది వాళ్ళదే. "క్లియర్, వచ్చెయ్" అని రేడియోలో చెప్పడం పూర్తిగా మానెయ్యాలి. చెప్పినవాళ్ళకి కనిపించిన రోడ్డు, వినేవాళ్ళు అక్కడికొచ్చేసరికి అలాగే ఉండదు.

దారి తప్పడం గురించి భయం వద్దు. ప్రతి కారూ తన వెనక కారుకి బాధ్యత వహిస్తే చాలు. మలుపు తిరిగేచోట వెనక కారు నన్ను చూసిందని అద్దంలో తేలేదాకా నేను పక్కకి ఆపి ఉంటాను, అది రాగానే కదులుతాను. వెనకవాళ్ళు ముందువాళ్ళని వెంటాడాల్సిన అవసరమే పోతుంది.

స్వీప్_కారు

నల్లమల గారి పంక్చర్ ప్రశ్నకి జవాబు. ఒకే వరసలో వెళ్తే ఆ పంక్చర్‌కి పన్నెండు కార్లూ అడవి మధ్య ఆగుతాయి. అది పులుల అభయారణ్యం, చూడ్డానికి, ఫొటోలకి ఆగడం కుదరదు. మలుపులో అంచు వదిలి పన్నెండు కార్లు ఆపడానికి చోటూ ఉండదు. ఆగగానే కోతులు చేరతాయి, పిల్లలు అద్దాలు దించుతారు. ఆ కారూ, దాని జట్టు స్వీపూ మాత్రమే ఆగాలి. ఆ జట్టులో మిగతా రెండు కార్లూ వటవర్లపల్లి దాకానో దోమలపెంట దాకానో వెళ్ళి ఊళ్ళో నిలబడాలి. జట్ల మధ్య ఎడం ఐదు నిమిషాలు. కలిసే చోట్లు మూడు: హాజీపూర్ చౌరస్తా, దోమలపెంట, సుండిపెంట. వెనక జట్టు కంటపడ్డాకే ముందు జట్టు కదులుతుంది. ఇరవై నిమిషాలు దాటినా రాకపోతే ఒక్క కారు వెనక్కి వెళ్తుంది, అందరూ కాదు.

ప్రతి స్వీప్ కారులో సామాను ఉండాలి. 12 వోల్టుల గాలి పంపు, ట్యూబ్‌లెస్ ప్లగ్ కిట్, ప్రతిబింబించే త్రికోణాలు రెండు, జంపర్ కేబుల్, టో తాడు, టార్చి. వీల్ స్పానర్ ఒక్కటి తెస్తే సరిపోదు. మారుతికి 19, హ్యుందాయ్‌కి 21, ఫోక్స్‌వ్యాగన్‌కి 17 మిల్లీమీటర్లు, పైగా అందులో నట్లు కాదు బోల్టులు. అల్లాయ్ చక్రాలకి లాకింగ్ నట్టు ఉంటే దాని తాళం డిక్కీలో ఉందో లేదో బయల్దేరేముందు ఎవరికి వాళ్ళే చూసుకోవాలి. ఆ తాళం ఇంట్లో ఉండిపోతే ఎన్ని స్పానర్లున్నా చక్రం ఊడదు. టైరు పక్క గోడ చీలితే ప్లగ్ నిలవదు, స్టెప్నీయే గతి. స్టెప్నీ సన్నదైతే దాని మీద రాసిన వేగ పరిమితి, సాధారణంగా 80, ఆ జట్టంతటికీ పరిమితి.

ఘాట్_గేర్

ఈగలపెంట దాటాక డ్యామ్ కింది వంతెన దాకా దిగుడు. ఒకే వరసలో వెళ్తే ఇక్కడే బ్రేకులు పోతాయి. ముందు పదకొండు కార్లలో ఏ ఒక్కటి బ్రేకు తాకినా పన్నెండోది తాకాల్సిందే. దిగుడు మొత్తం దాని కాలు పెడల్ మీదే ఉంటుంది.

మాన్యువల్ అయితే దిగుడు మొదలయ్యేముందే రెండో గేరు. వేగం పెరిగితే గట్టిగా ఒకసారి నొక్కి తగ్గించి పూర్తిగా వదలండి. మెల్లగా నొక్కి పట్టుకుని దిగితే బ్రేకు ప్యాడ్లకి చల్లారే సమయం దొరకదు. ఆటోమేటిక్‌లో డి లోనే వదిలేయకుండా మాన్యువల్ మోడ్‌లో 2, సీవీటీలో (మెట్లుగా గేర్లుండని ఆటోమేటిక్) ఎల్. న్యూట్రల్‌లో దిగడం, ఇంజన్ ఆపి దిగడం నిషిద్ధం. ఇంజన్ ఆపితే పెడల్‌ని తేలిక చేసే బ్రేకు బూస్టర్ రెండు మూడు నొక్కుళ్ళకే ఖాళీ అవుతుంది.

పెడల్ మెత్తబడి కిందికి పోతుంటే బ్రేకు ద్రవం మరుగుతోందని అర్థం. బ్రేకు ద్రవాల్లో కొత్త డాట్ 3 రకం 205 డిగ్రీల దగ్గర, డాట్ 4 రకం 230 దగ్గర మరుగుతాయి. తేమ పట్టాక ఆ హద్దులు 140కి, 155కి పడిపోవచ్చు. రెండేళ్ళు దాటిన ద్రవం ఉంటే ఔటింగ్‌కి ముందే మార్పించండి. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే, మాడు వాసన వస్తే, కాలింది ప్యాడ్లు. రెండిట్లో ఏదైనా సరే, చోటు చూసి ఆగండి. డిస్కుల మీద నీళ్ళు పోయకండి, వంకరపోతాయి, పగిలినా పగులుతాయి. కాగిన బ్రేకుల మీద హ్యాండ్‌బ్రేకు బిగించకండి. గేరులో వదిలి చక్రం కింద రాయి పెట్టండి. అరగంట చాలు. బయల్దేరేటప్పుడు ఆ రాయి తీసి పక్కకి వెయ్యడం స్వీప్ పని. రోడ్డు మీద వదిలేసిన రాయి రాత్రిపూట వచ్చే బైకువాడి పాలిట గండం.

డ్యామ్ గేట్లు ఎత్తిన రోజుల్లో వంతెనకి అటూ ఇటూ కార్లు బారులు తీరతాయి. ఎక్కుడులో సగం క్లచ్ మీద ఆపి పట్టుకోకండి, కాసేపటికే క్లచ్ మాడుతుంది. హ్యాండ్‌బ్రేకు వేసి నిలబడి, రెండు కార్ల జాగా ఖాళీ అయ్యాక ఒకేసారి కదలండి.

టర్బో_డీజిల్

ఎడం సంగతి సరే, లెక్క చూశాక మూడు సెకన్లకి ఒప్పుకుంటున్నా. కానీ మూడు జట్లంటే మూడు లీడ్‌లు, మూడు స్వీప్‌లు, ఆరుగురు అనుభవజ్ఞులు కావాలి. ఆ దారి బాగా తెలిసినవాళ్ళు మనలో నలుగురే కదా? స్వీప్‌గా కొత్తవాళ్ళని పెడితే మీ పద్ధతి మొత్తం కూలిపోతుంది.

ఓరుగల్లు_హ్యాచ్

అదొక్కటే గట్టి అభ్యంతరం. స్వీప్‌కి దారి తెలియడం కంటే స్టెప్నీ మార్చడం తెలియడం ముఖ్యం. అది మన సభ్యుల్లో చాలామందికి వచ్చు.

టర్బో_డీజిల్

ఘాట్‌లో చక్రం మార్చడం, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మార్చడం ఒకటి కాదు. వాలులో జాకీ జారుతుంది. అలాంటి చోట కారుని కిందికి మెల్లగా దించి చదునైన జాగా వెతికే నిర్ణయం తీసుకోవాలి, అది అనుభవం మీదే వస్తుంది. ఆరుగురు దొరక్కపోతే రెండు జట్లు, ఆరేసి కార్లు. నా మాట ఇదే.

స్వీప్_కారు

ఆరు కార్లంటే 275 మీటర్లు. బస్సు నిమిషంన్నరకి పైగా పక్కన నడుస్తుంది. పన్నెండు కంటే నయం, నాలుగంత బాగా లేదు. రెండు కార్లు తగ్గించుకుని ఐదేసి చేసినా మంచిదే. తగ్గించిన రెండిటికీ తర్వాతి ఔటింగ్‌లో మొదటి చోటు ఇద్దాం.

నల్లమల_రూటు

ఇప్పటికే పేరిచ్చినవాళ్ళని తీసెయ్యను. ఆదివారంలోపు ఆరుగురు ముందుకొస్తే మూడు జట్లు, లేకపోతే రెండు. ఆరుగురిలో స్వీప్ చేసేవాళ్ళు తమ జట్టు కార్ల జాకీ పాయింట్లు, కారుని లాగడానికి టో హుక్ ఎక్కడ బిగించాలో శనివారం నాడే చూసుకోవాలి. కొన్నిటికి ఆ హుక్ ఎడమ మర, అంటే మామూలుకి ఎదురు దిశలో తిప్పి బిగించాలి.

తిరుగు ప్రయాణం గురించి ఇంకెవరూ రాయలేదు. అడవి రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. చివరి జట్టు కూడా వెలుగుండగానే మన్ననూరు దాటాలంటే మధ్యాహ్నం మూడింటికి సుండిపెంట వదలాలి. మనలో ఒక ఎలక్ట్రిక్ కారుంది. శ్రీశైలంలో దాన్ని నిండా చార్జ్ చేయొద్దు. నిండు బ్యాటరీలోకి రీజెన్ (మోటారే కారు వేగం తగ్గిస్తూ ఆ శక్తితో బ్యాటరీ నింపడం) సరిగ్గా పనిచేయదు, సుండిపెంట దాటగానే డ్యామ్ దాకా దిగుడే, బరువంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. 85 శాతం దగ్గర ఆపి బయల్దేరండి.