లెక్కలు, సైన్స్ టీచర్ల ట్రైనింగ్‌లో ఏం ఉండాలి: సబ్జెక్టా, పిల్లల తప్పులా?

చుక్క_తర్వాత
జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం టీచరుకు ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలి. అందులో చాలా గంటలు పీపీటీలు చదివి వినిపించడానికే పోతున్నాయి. స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బళ్ళ టీచర్లంతా కలిసే) మీటింగులో మధ్యాహ్నం సెషన్‌ను ఇలా వాడుకోవచ్చు. అందరూ తమ క్లాసులో ఒకే ప్రశ్న ఇచ్చి, పిల్లలు రాసిన 20 జవాబులు దిద్దకుండా తేవాలి. వాటిని మార్కుల్ని బట్టి కాకుండా, పిల్లవాడు ఏమనుకుని రాశాడో దాన్ని బట్టి కుప్పలు వెయ్యాలి. పెద్ద కుప్పకి రేపు ఏ ప్రశ్న ఇవ్వాలో అక్కడే తయారుచేసుకుని వెళ్ళాలి. గంటన్నర చాలు. ఏమంటారు?

సిలబస్_పూర్తి
పిల్లలు ఎలా నేర్చుకుంటారో బీఈడీలో ఏడాదంతా చదివాం సార్, 2019 నుంచి నిష్ఠ (కేంద్రం టీచర్లకిచ్చే శిక్షణ) మాడ్యూళ్ళలోనూ అదే వాయించారు. కావలసింది సబ్జెక్టు. ఇక తప్పులు కనిపెట్టడానికి కుప్పలెందుకు? 0.8, 0.45, 0.125 ఆరోహణ క్రమంలో రాయమనండి. రాస్తే వచ్చినట్టు, రాయకపోతే రానట్టు.

లంచ్‌బెల్
నిష్ఠ మాట ఎత్తకండి, వీడియో మ్యూట్‌లో పెట్టి సర్టిఫికెట్ తీసుకున్నవాళ్ళం ఇక్కడ చాలామందిమి ఉన్నాం.

చుక్క_తర్వాత
సిలబస్ సార్, మీరిచ్చిన ప్రశ్నే మంచి ఉదాహరణ. ‘అంకెలు ఎక్కువుంటే పెద్ద సంఖ్య’ అనుకునేవాడు 0.8, 0.45, 0.125 అని రాస్తాడు. 8 కంటే 45, 45 కంటే 125 పెద్దవి కదా. వాడు దొరికిపోతాడు. కానీ ఇంకో రకం ఉన్నారు. వెయ్యో వంతు చిన్నది కాబట్టి చుక్క తర్వాత ఎన్ని అంకెలుంటే సంఖ్య అంత చిన్నది అనుకునేవాళ్ళు. వాళ్ళు 0.125, 0.45, 0.8 అని రాస్తారు. సరైన జవాబూ అదే! పూర్తి మార్కులు ఇచ్చి పంపేస్తాం.

రెండు జతలు ఇచ్చి, ఒక్కోదానిలో ఏది పెద్దదో అడగండి: 0.8, 0.45 ఒకటి, 0.3, 0.75 ఇంకోటి. మొదటి రకం మొదటి జతలో తప్పుతాడు, రెండో రకం రెండో జతలో తప్పుతాడు. రెంటిలోనూ తప్పితే వేరే గొడవ, పిలిచి అడగాల్సిందే.

మనం చదివే తీరు కూడా ఒక కారణం. ‘సున్నా పాయింట్ నలభై ఐదు’ అంటే పిల్లవాడి చెవికి నలభై ఐదే వినబడుతుంది. ‘పాయింట్ నాలుగు ఐదు’ అనాలి, లేదా నాలుగు పదో వంతులు, ఐదు వందో వంతులు అనాలి. ఇక రూపాయలు, పైసలతోనే దశాంశాలు చెబితే 2.5 రూపాయల్ని రెండు రూపాయల ఐదు పైసలు అంటారు.

సిలబస్_పూర్తి
ఇంత రాద్ధాంతం అక్కర్లేదు. 0.8ని 0.80 చెయ్యమంటే అయిపోతుంది. 80, 45. పోల్చుకుంటాడు.

చుక్క_తర్వాత
పోల్చుకుంటాడు, మళ్ళీ పూర్ణాంకాలుగానే. 8 పక్కన సున్నా పెడితే పదింతలవుతుందని మూడో తరగతిలో మనమే చెప్పాం. ఇక్కడ పెడితే ఎందుకు మారదో వాడికి తెలియదు. 10×10 గళ్ళ కాగితంలో 8 నిలువు వరుసలకు రంగు వేయించండి. అవే 80 గళ్ళు అని లెక్కపెట్టించాక సున్నా పెట్టించండి.

సిలబస్_పూర్తి
మళ్ళీ అదే అంటున్నా. సున్నా పెట్టడం ఒక్క నిమిషం పని, గళ్ళు ఒక పీరియడ్.

శ్రేణి_సమాంతరం
సున్నా దగ్గరే ఎంతసేపు ఆగుతారు? సైన్స్ సంగతీ చూడండి. రెండు బల్బులు శ్రేణిలో (ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటి) పెడితే మొదటిది ఎక్కువ వెలుగుతుందని చాలామంది పిల్లలు అనుకుంటారు. కరెంటు దారిలోనే ఖర్చయిపోతుందని వాళ్ళ లెక్క. ఇంట్లో ‘కరెంటు ఖర్చవుతోంది, ఫ్యాను కట్టెయ్’ అని రోజూ వింటారు మరి.

ప్రయోగం చేస్తే పోతుందనుకుంటే పొరపాటే. వేర్వేరు రేటింగుల బల్బులు పెడితే వెలుగు తేడాగా వస్తుంది, ‘చూశారా’ అని పిల్లలు తమ అభిప్రాయానికే గట్టిపడతారు. ఒకే రేటింగు 2.5 వోల్టుల టార్చి బల్బులు రెండు, కొత్త సెల్స్ రెండు తీసుకోండి. ఒక్క సెల్‌తో అయితే వెలుగు సరిగా కనబడదు. స్విచ్ వెయ్యకముందే ఏం జరుగుతుందో రాయించాలి, లేకపోతే చూశాక అందరూ ‘నాకు ముందే తెలుసు’ అంటారు. తర్వాత బల్బుల చోట్లు మార్చి చూపించాలి. కరెంటు కొలిచే అమ్మీటరు ఉంటే మొదటి బల్బుకు ముందు, రెండో బల్బు తర్వాత రీడింగు తీయించండి, రెండూ ఒకటే వస్తాయి. ఇది సబ్జెక్టా, పిల్లల తప్పా? విడదీసి చెప్పండి చూద్దాం.

ఎస్జీటీ_ఒక్కరే
ఐదు తరగతులకు ఒక్క టీచరున్న బడికి ఇవన్నీ ఎవరు చేస్తారు మేడం?

చుక్క_తర్వాత
అమెరికాలో విస్కాన్సిన్‌లో జరిగిన ప్రయోగం వివరాలు 1989లో అచ్చయ్యాయి. 40 మంది ఒకటో తరగతి టీచర్లలో 20 మందికి 4 వారాల వేసవి వర్క్‌షాప్ పెట్టారు. కూడికలు, తీసివేతల లెక్కలను పిల్లలు ఎలా ఆలోచించి చేస్తారో చెప్పారు, పాఠం ఫలానాలా చెప్పండని చెప్పలేదు. ఆ టీచర్లు ఎక్కాల్లాంటి బట్టీకి తక్కువ సమయమే ఇచ్చారు. అయినా పిల్లలు అందులో వెనకబడలేదు.

సిలబస్_పూర్తి
నాలుగు వారాలు! మనకిచ్చేది భోజనాలయ్యాక రెండు గంటలు. శిక్షణ రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి దిగేసరికి మిగిలేది అటెండెన్స్ సంతకం. చదివినవాళ్ళు మీరు, మిగతావాళ్ళం తెలివితక్కువవాళ్ళం, అంతేగా?

చుక్క_తర్వాత
ఆ మాట నేననలేదు. దిద్దని పేపర్లు 20 తేవడానికి ఇంత బాధేమిటో అర్థం కావట్లేదు, అంతే. తప్పులు బయటపడతాయని భయమా?

సిలబస్_పూర్తి
అవును, భయమే. రాసుకోండి. ఆ కుప్పల ఫొటో సాయంత్రానికి మండలం వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. కింద బడి పేరు. ‘ఈ స్కూల్లో 20కి 14 మందికి దశాంశాలు రావు’. మర్నాడు సంజాయిషీ. పిల్లవాడు ఏమనుకుని రాశాడో ఎవరూ అడగరు, ఎవరు చెప్పారో అడుగుతారు. అందుకే మీటింగుకి అందరూ బాగా రాసినవాళ్ళ పేపర్లే ఏరుకొచ్చేది.

శ్రేణి_సమాంతరం
ఈ మాట మొదటి పోస్టులోనే రాయాల్సింది సార్.

లంచ్‌బెల్
పేర్లు, బడి పేరు లేకుండా అన్నీ కలిపేసి కుప్పలు వేస్తే?

చుక్క_తర్వాత
అప్పుడు ఏ క్లాసులో రూపాయలతో చెప్పారో, ఎక్కడ గళ్ళతో చెప్పారో తెలియదు. ఏ పద్ధతి వల్ల ఏ తప్పు వచ్చిందో పట్టుకోలేం. సగం ఉపయోగం పోతుంది. అయినా సగమన్నా మిగులుతుంది, నాకు సమ్మతమే.

సిలబస్_పూర్తి
సెషన్ అవ్వగానే పేపర్లు ఎవరివి వాళ్ళకి ఇచ్చెయ్యాలి, ఫొటో తియ్యకూడదు. అలాగైతే నా క్లాసువి 20 కాదు, 40 తెస్తాను.

చుక్క_తర్వాత
ఫొటో అప్‌లోడ్ చెయ్యకపోతే మీటింగు జరిగినట్టు లెక్కలోకి రాదు కదా.

సిలబస్_పూర్తి
మరి అదే కదా నేను మొదట్నుంచీ అంటున్నది.

లంచ్‌బెల్
మొదట్లో ‘సబ్జెక్టు కావాలి’ అన్నారు సార్.